ఇరుకు పుంజం, వెడల్పు పుంజం

సోనార్ నీటిలోకి పంపే ధ్వని శంకువు ఆకారంలో విచ్చుకుంటూ దిగుతుంది. ఆ శంకువు ఎంత కోణంలో విచ్చుకుంటుందో అదే పుంజం వెడల్పు. దాన్ని తేల్చేవి రెండే: ధ్వని తరంగదైర్ఘ్యం, ఆ ధ్వనిని పుట్టించే బిళ్ల (ట్రాన్స్‌డ్యూసర్) వ్యాసం. తరంగదైర్ఘ్యాన్ని వ్యాసంతో భాగించి 60తో హెచ్చవేస్తే కోణం ఇంచుమించుగా డిగ్రీల్లో వస్తుంది. సోనార్ నూరేళ్ల కథలో సగం ఈ చిన్న లెక్కతో పెనుగులాటే.

టైటానిక్ మునిగిన రెండేళ్లకు, 1914 ఏప్రిల్‌లో, ఆవిష్కర్త రెజినాల్డ్ ఫెసెండెన్ ‘మయామీ’ అనే నౌక నుంచి సుమారు 3 కిలోమీటర్ల దూరంలోని మంచుకొండ ప్రతిధ్వనిని పట్టాడు. అతని యంత్రం ధ్వని 540 హెర్ట్జ్. నీటిలో దాని తరంగదైర్ఘ్యం సుమారు 2.7 మీటర్లు. దాన్ని 10 డిగ్రీల పుంజంగా కుదించాలంటే 16 మీటర్ల బిళ్ల కావాలి. అందుకే మంచుకొండ ఎంత దూరంలో ఉందో తెలిసింది గానీ, ఏ దిక్కున ఉందో తెలియలేదు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో శాస్త్రవేత్త పాల్ లాంజెవిన్ ఉక్కు పలకల మధ్య క్వార్ట్జ్ పలుకులు అమర్చి, సుమారు 40 కిలోహెర్ట్జ్ ధ్వని పుట్టించాడు. తరంగదైర్ఘ్యం 4 సెంటీమీటర్లకు లోపే ఉండటంతో పుంజానికి ఒక దిశ ఏర్పడింది.

చేపల వేటకు ఈ విద్యను వ్యాపార స్థాయిలో తెచ్చింది జపాన్‌లోని నాగసాకి ప్రాంతానికి చెందిన ఫురునో సోదరులు, 1948లో. 1950ల చివర అమెరికాలో లోరెన్స్ సంస్థ ట్రాన్సిస్టర్లతో చేత్తో మోసుకెళ్లగలిగే సోనార్ పెట్టె తయారుచేసింది. గడ్డకట్టిన సరస్సుపై రంధ్రం తొలిచి గాలం వేసేవారికి అలాంటి పెట్టే కావాలి. పడవ కదులుతుంది కాబట్టి కొత్త నీటిని వెతుకుతుంది. మంచు మీది మనిషికి తన రంధ్రం కిందున్న నీరే లోకం; అందులో ఎంత మేర కనబడుతుందో పుంజం వెడల్పే తేలుస్తుంది. మిన్నెసోటాకు చెందిన వెక్సిలార్ ఫ్లాషర్లకు (ప్రతిధ్వనిని వెలిగే గీతలుగా చూపే సోనార్ పెట్టెలకు) 9, 12, 19 డిగ్రీల ట్రాన్స్‌డ్యూసర్లు వేర్వేరుగా దొరకడానికి కారణం ఇదే.

200 కిలోహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 7.5 మిల్లీమీటర్లు, 38 మిల్లీమీటర్ల బిళ్లతో 12 డిగ్రీల పుంజం వస్తుంది. 3 మీటర్ల లోతున 9 డిగ్రీల పుంజం పరిచే వృత్తం 47 సెంటీమీటర్లు, 19 డిగ్రీలది మీటరు. 10 మీటర్ల లోతున అవే 1.6, 3.3 మీటర్లు. లోతు తక్కువైతే వెడల్పు పుంజమే నయం; ఇరుకు పుంజంలో ఎర తప్ప మరేదీ కనబడదు.

అయితే సోనార్‌కు పుంజం లోపల తెలిసేది దూరమే, దిశ కాదు. పుంజం అంచున ఉన్న చేప ఏటవాలు దూరంలో ఉండటం వల్ల అసలు లోతు కన్నా కిందికి కనిపిస్తుంది. అడుగు చదునుగా ఉంటే 10 మీటర్ల దగ్గర 19 డిగ్రీల పుంజంలో ఈ తేడా 14 సెంటీమీటర్లు, 9 డిగ్రీలదాంట్లో 3. వాలు అడుగైతే అసలు చిక్కు మొదలవుతుంది. అదే 10 మీటర్ల దగ్గర, రెండు మీటర్లకు ఒక మీటరు చొప్పున దిగే వాలులో, ఎగువ అంచు నుంచే ప్రతిధ్వని ముందుగా తిరిగి వస్తుంది. 19 డిగ్రీల పుంజం సరిగ్గా కిందున్న నేల కన్నా 64 సెంటీమీటర్ల ముందే ‘నేల’ అని గీత గీసేస్తుంది. 9 డిగ్రీలది 35 దగ్గర ఆగుతుంది. ఆ మధ్యలో తిరిగే చేప నేలలో కలిసిపోతుంది.

తూర్పు కనుమల్లో నీరు గడ్డకట్టదు గానీ, వాలుకు కొదవ లేదు. పాచిపెంట మండలంలోని పెద్దగెడ్డ, ఒడిశా సరిహద్దున మాచ్‌ఖండ్ నదిపై ఉన్న జలాపుట్ వంటి కొండ జలాశయాల్లో ఒడ్డు నుంచి అడుగు వేసేకొద్దీ లోతు పెరుగుతుంది. మునిగిన చెట్ల మోళ్లుంటే తెర మీద చేపల్లాగే కనిపిస్తాయి. అడుగున మేసే మ్రిగాల చేపను వాలు పక్కన వెతకాలంటే 9 డిగ్రీలే మేలు. పైనీటిలో తిరిగే బొచ్చె మాత్రం దీనికి దాదాపు దొరకదు: 2 మీటర్ల లోతున ఆ పుంజం వృత్తం 31 సెంటీమీటర్లే. విశాఖ మరబోట్లలో వాడే రెండు పౌనఃపున్యాల పరికరాలకు లెక్క వేరు. 50 కిలోహెర్ట్జ్ వెడల్పు పుంజం లోతు నీటికి, 200 కిలోహెర్ట్జ్ ఇరుకుది వివరానికి.

పెట్టె మీద రాసిన కోణాన్ని అక్షరాలా నమ్మకూడదు. ధ్వని శక్తి సగానికి పడిపోయే చోటును అంచుగా లెక్కవేసి ఆ సంఖ్య వేస్తారు; అక్కడ గోడ ఏమీ ఉండదు. గెయిన్ (ప్రతిధ్వనిని పెంచి చూపే అమరిక) పెంచితే 9 డిగ్రీల ట్రాన్స్‌డ్యూసర్ కూడా ఆ అంచు దాటి ఉన్న పెద్ద చేపను చూపిస్తుంది, వాలు వల్ల దాగే భాగమూ దానితోపాటే పెరుగుతుంది. ఫ్లాషర్ తెరపై బలమైన ప్రతిధ్వని ఎరుపులో, బలహీనమైనది ఆకుపచ్చలో వెలుగుతాయి కాబట్టి, ఆకుపచ్చ గీత తరచుగా పుంజం అంచున తిరిగే చేపది. ఎర పలచని గీతగా కనిపించే వరకే గెయిన్ పెంచి ఆపాలి. ట్రాన్స్‌డ్యూసర్ నిట్టనిలువుగా వేలాడాలి. కొద్దిగా వంగినా ఇరుకు పుంజం ఎరను వదిలేసి పక్కనున్న నీటిని చూస్తుంది.