బాకుతో పోరాడే క్యారెక్టర్: చిన్న డైస్‌ని చూసి మోసపోకండి

ఈ ఎపిసోడ్‌లో డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో బాకులతో, అదే డాగర్స్‌తో పోరాడే క్యారెక్టర్‌ని ఎలా తయారు చేసుకోవాలో చూద్దాం. 2024లో వచ్చిన ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ప్రకారం చెప్తాను. పాత 2014 పుస్తకంతో ఆడేవాళ్ళకి తేడా ఎక్కడుందో కూడా మధ్యలో చెప్తాను.

ముందు నా సంగతి. నా మొదటి క్యారెక్టర్ ఒక దొంగ, రోగ్ క్లాస్. రెండు చేతుల్లో రెండు బాకులు. ఊహించుకుంటే భలే ఉన్నాడు. ఆటలో ఏమయ్యింది? మొదటి పోరాటంలోనే ఒక ఓగర్ ఎదురుగా వెళ్ళి ఒంటరిగా నిలబడ్డాను. మూడో రౌండ్‌కి నేల మీద పడ్డాను. ఆడేవాళ్ళందరూ "బాకులు పారేసి రేపియర్ తీసుకో" అన్నారు. తీసుకున్నాను కూడా. తర్వాత రూల్స్ నింపాదిగా చదివితే అర్థమయ్యింది, తప్పు బాకుది కాదు, నాది.

దెబ్బ ఎక్కడి నుంచి వస్తుంది?

బాకుకి 4 ముఖాల డైస్, సగటున 2.5. రేపియర్‌కి 8 ముఖాల డైస్, సగటున 4.5. తేడా 2 పాయింట్లే. రోగ్‌కి అసలు బలం స్నీక్ అటాక్‌లో ఉంది. మొదటి లెవెల్‌లో ఒక 6 ముఖాల డైస్, 3వ లెవెల్‌లో రెండు, 5వ లెవెల్‌లో మూడు. మూడు డైస్‌లకి సగటు 10.5. అంటే చేతిలో ఏ కత్తి ఉందన్నదానికంటే, స్నీక్ అటాక్ తగిలిందా లేదా అన్నదే ముఖ్యం.

స్నీక్ అటాక్ ఒక టర్న్‌లో ఒక్కసారే పనిచేస్తుంది. మొదటి దెబ్బ తప్పినా, రెండో దెబ్బ తగిలితే దానికి వాడుకోవచ్చు. రేపియర్‌తో మీకు ఒకటే అవకాశం. రెండు బాకులుంటే రెండు అవకాశాలు. పిట్ట కొంచెం కూత ఘనం అంటారు కదా, అదే ఇది.

లెక్క వేద్దాం. 5వ లెవెల్ రోగ్, డెక్స్టెరిటీ 18. అటాక్‌కి 7 కలుస్తుంది. శత్రువు ఆర్మర్ క్లాస్ 15 అనుకోండి. ఒక దెబ్బ తగిలే అవకాశం 65 శాతం. రెండింటిలో కనీసం ఒకటి తగిలే అవకాశం దాదాపు 88 శాతం. క్రిటికల్స్ పక్కన పెడితే, రేపియర్‌తో టర్న్‌కి సగటున 12 చిల్లర, రెండు బాకులతో 15 వస్తుంది. రెండో దెబ్బకి డెక్స్టెరిటీ బోనస్ కలపకుండా వేసిన లెక్క ఇది.

నిక్ అంటే ఏంటి?

2014 రూల్స్‌లో రెండో బాకుతో కొట్టాలంటే బోనస్ యాక్షన్ ఖర్చయ్యేది. రోగ్‌కి దాక్కోవడానికి, దెబ్బ తినకుండా తప్పుకోవడానికి, పరిగెత్తడానికి కావాల్సింది కూడా అదే బోనస్ యాక్షన్. కొట్టాలా, తప్పించుకోవాలా అని ఒకటే ఎంచుకోవాలి.

2024లో బాకుకి నిక్ అనే వెపన్ మాస్టరీ ఇచ్చారు. దానితో రెండో దెబ్బ కూడా మీ అటాక్ యాక్షన్‌లోనే అయిపోతుంది. బోనస్ యాక్షన్ మీ చేతిలోనే మిగులుతుంది. అయితే ఇది దానంతటదే రాదు. రోగ్ మొదటి లెవెల్‌లో రెండు రకాల ఆయుధాలకి మాస్టరీ ఎంచుకుంటాడు, అందులో బాకు ఉండాలి. చాలామంది ఇక్కడే మర్చిపోతారు. రెండోదిగా షార్ట్‌స్వోర్డ్ తీసుకుంటే ఇంకా మంచిది. దాని మాస్టరీ వెక్స్. ముందు షార్ట్‌స్వోర్డ్ తగిలితే, అదే శత్రువు మీద వేసే బాకు దెబ్బకి అడ్వాంటేజ్ వస్తుంది.

క్యారెక్టర్ షీట్ నింపేటప్పుడు

ఎక్కువ స్కోరు డెక్స్టెరిటీకి, తర్వాతది కాన్‌స్టిట్యూషన్‌కి పెట్టండి. బ్యాక్‌గ్రౌండ్ నుంచి వచ్చే 2 పాయింట్లు కూడా డెక్స్టెరిటీకే వెళ్ళేలా చూసుకోండి. 15తో మొదలుపెడితే 17 అవుతుంది. 4వ లెవెల్‌లో పియర్సర్ ఫీట్ తీసుకుంటే 18. టర్న్‌కి ఒకసారి ఒక డ్యామేజ్ డైస్‌ని మళ్ళీ వేసుకోవచ్చు కూడా. బతకడం ముఖ్యం అనుకుంటే డిఫెన్సివ్ డ్యూయలిస్ట్ తీసుకోండి.

విసరడం గురించి

బాకుని విసరొచ్చు కూడా. రేపియర్‌కి ఆ సౌకర్యం లేదు. 20 అడుగుల వరకు మామూలుగా, ఆ తర్వాత 60 అడుగుల వరకు డిస్అడ్వాంటేజ్‌తో. డిస్అడ్వాంటేజ్ ఉంటే స్నీక్ అటాక్ ఉండదు, కాబట్టి 20 అడుగులనే మీ హద్దు అనుకోండి. శత్రువు 5 అడుగుల లోపల ఉంటే విసరకండి, అప్పుడూ డిస్అడ్వాంటేజే, పొడవండి. కొత్త రూల్స్‌లో విసిరేటప్పుడు బాకు దూయడం ఆ అటాక్‌లోనే కలిసిపోతుంది. ఒక్కోటి 2 బంగారు నాణేలే, బరువు ఒక పౌండ్. నడుముకి ఆరు పెట్టుకోండి.

ఎక్కడ నిలబడాలి?

ఇప్పుడు నా ఓగర్ దగ్గరికి వద్దాం. స్నీక్ అటాక్‌కి అడ్వాంటేజ్ అయినా ఉండాలి, లేదా శత్రువుకి 5 అడుగుల లోపల మీ మనిషి ఒకడైనా ఉండాలి. నేను ఒంటరిగా వెళ్ళాను, రెండూ లేవు. అంటే నా క్యారెక్టర్‌లో ఉన్న బలమంతా ఇంట్లో పెట్టి వెళ్ళినట్టే.

సరైన పద్ధతి ఇది. మీ ఫైటర్‌ని ముందు వెళ్ళనివ్వండి. అతను ఓగర్‌ని పట్టుకున్నాక మీరు పక్కనుంచి వెళ్ళి రెండు దెబ్బలు వెయ్యండి. మిగిలిన బోనస్ యాక్షన్‌తో డిస్ఎంగేజ్ చేసి వెనక్కి వచ్చెయ్యండి. ఇంకో మాట. స్నీక్ అటాక్ టర్న్‌కి ఒకసారి అన్నారు గానీ, రౌండ్‌కి ఒకసారి అనలేదు. శత్రువు మీ పక్కనుంచి పారిపోతుంటే ఆపర్చునిటీ అటాక్‌లో, ఆ షరతులు కుదిరితే, మళ్ళీ వాడుకోవచ్చు.

ఇదంతా రోగ్‌కి మాత్రమే. ఫైటర్‌కి స్నీక్ అటాక్ లేదు, ప్రతి దెబ్బలోనూ ఆయుధం డైస్ మీదే ఆధారపడాలి. అక్కడ చిన్న డైస్ నిజంగానే నష్టం.

కాబట్టి మీ టేబుల్ దగ్గర ఎవరైనా బాకు పారెయ్యమంటే వెంటనే పారెయ్యకండి. ముందు షీట్‌లో మాస్టరీ రాశారో లేదో చూసుకోండి, తర్వాత మీ ఫైటర్ ఎక్కడున్నాడో చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అంతవరకు సెలవు.