చాక్లెట్ బ్రౌనీకి మన ఇలాచీ, దాల్చినచెక్క

పిల్లలున్న ఇళ్లలో ఇప్పుడు బ్రౌనీ అన్న మాట తరచుగా వినిపిస్తోంది. పుట్టినరోజుకు అదే కావాలంటారు. ఈద్‌కు వచ్చిన చుట్టాల పిల్లలు షీర్‌ఖుర్మా గిన్నె పక్కన పెట్టి దానికోసమే చూస్తారు. బేకరీ నుంచి నాలుగు ముక్కలు తెచ్చి పెట్టడం తేలికే. కానీ ఇంట్లో పెద్దవాళ్లు "ఇందులో ఏమేం కలిపారు?" అని అడిగితే జవాబు చెప్పడం అంత తేలిక కాదు. బ్రౌనీని ఇంట్లోనే చేసుకుంటే ఈ ఇబ్బంది ఉండదు. దానికి కావలసిన పరిమళం కూడా మన మసాలా డబ్బాలోనే ఉంది.

చాక్లెట్‌తో మసాలా కొత్త కాదు

చాక్లెట్‌లో మసాలా ఏమిటని కొందరు ముఖం చిట్లించవచ్చు. నిజానికి చాక్లెట్ పుట్టుకే మసాలాతో కలిసి జరిగింది. కోకో గింజలను పూర్వం వాడిన మధ్య అమెరికా ప్రజలు వాటిని నూరి, నీళ్లలో కలిపి, మిరపకాయ, వెనీలా వంటివి చేర్చి చేదు పానీయంగా తాగేవారు. 1519లో స్పెయిన్ సేనలు మెక్సికోలో అడుగుపెట్టిన తర్వాత ఆ పానీయం ఐరోపాకు చేరింది. స్పెయిన్‌వారు దానికి చక్కెర, దాల్చినచెక్క జోడించారు. మెక్సికోలో ఈనాటికీ దాల్చినచెక్క వేసిన చాక్లెట్ తాగుతారు. 1828లో హాలండ్‌కు చెందిన వాన్ హౌటెన్ కోకో నుంచి కొవ్వును పిండి తీసే యంత్రానికి హక్కులు పొందిన తర్వాతే మనకు తెలిసిన కోకో పొడి చవకగా దొరకడం మొదలైంది.

బ్రౌనీ వయసు ఇంకా తక్కువ. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శన సమయంలో అక్కడి పామర్ హౌస్ హోటల్లో ఇది పుట్టిందని చెప్పుకుంటారు. ఫానీ ఫార్మర్ అనే ప్రసిద్ధ వంటల రచయిత్రి పుస్తకంలో, 1906 నాటి ముద్రణలో చాక్లెట్ బ్రౌనీ తయారీ కనిపిస్తుంది.

మన సంగతికి వస్తే, దేశంలో కోకో పండించే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందు వరుసలో ఉంది. పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాల్లో కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడలో కోకో చెట్లు పెరుగుతున్నాయి. ఓవెన్‌లో కాల్చిన తీపికి మసాలా చేర్చడం కూడా మనకు కొత్తేమీ కాదు. ముహర్రం నెలలో హైదరాబాద్ బేకరీల్లో దొరికే దమ్ కే రోట్‌లో ఇలాచీ ఉంటుంది. ఇంటి నుంచి మైదా, నెయ్యి, చక్కెర తీసుకెళ్లి బేకరీ భట్టీలో బిస్కెట్లు చేయించుకు వచ్చే అలవాటు మన పెద్దలకు ఉండేది. భట్టీ వేరేవారిదైనా, సరుకు మాత్రం ఇంటిదే.

సందేహం ఎక్కడ?

చాక్లెట్, మైదా, చక్కెర, వెన్న, గుడ్డు: వీటి గురించి సాధారణంగా పేచీ లేదు. పేచీ వచ్చేది చిన్న చిన్న వస్తువులతోనే. మొదటిది వెనీలా. వెనీలా కాయలను ఆల్కహాల్‌లో నానబెట్టి దాని సారం తీస్తారు. అమెరికా నిబంధనల ప్రకారం వెనీలా ఎక్స్‌ట్రాక్ట్ పేరుతో అమ్మేదానిలో కనీసం 35 శాతం ఆల్కహాల్ ఉండాలి. మన బజారులో దొరికే చవక ఎసెన్సుల్లో ఎక్కువ భాగం కృత్రిమమైనవి. వాటిలో కొన్నింటిని ఆల్కహాల్‌లో, మరికొన్నింటిని వేరే ద్రవాల్లో కరిగిస్తారు. సీసా మీది చీటీ చదివితేనే తేడా తెలుస్తుంది. ఇంత కొద్ది మోతాదు విషయంలో ఉలమాల అభిప్రాయాలు ఒకటిగా లేవు. తీర్పు చెప్పడం మా పని కాదు, సందేహం ఉన్నవారు తమకు నమ్మకమైన ఆలింను అడగాలి. మేము చెప్పేది ఒక్కటే: వెనీలా స్థానంలో ఇలాచీ వేస్తే ఆ ప్రశ్నే రాదు.

రెండోది, పైపూతలకూ తెల్లటి మార్ష్‌మెల్లో ముక్కలకూ వాడే జెలటిన్. మూడోది ఇ-471 వంటి ఎమల్సిఫయర్లు. ఇవి వృక్ష సంబంధమైనవి కావచ్చు, జంతు సంబంధమైనవీ కావచ్చు. మన దేశంలో ప్యాకెట్ మీద ఆకుపచ్చ గుర్తు ఉంటే శాకాహారమని అర్థం. కానీ గుడ్డు వేసిన బ్రౌనీకి ఆ గుర్తు ఉండదు కాబట్టి, గుర్తును చూసి జెలటిన్ సంగతి తేల్చుకోలేం. ఆల్కహాల్ గురించి ఆ గుర్తు ఎలాగూ చెప్పదు. విడిగా అమ్మే ముక్కలకైతే చీటీయే ఉండదు. ఇంట్లో చేసుకోవడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

కావలసిన పదార్థాలు

ఉప్పు లేని వెన్న 120 గ్రాములు, డార్క్ చాక్లెట్ 100 గ్రాములు, చక్కెర 180 గ్రాములు, గుడ్లు 2, మైదా 65 గ్రాములు, కోకో పొడి 30 గ్రాములు, ఉప్పు చిటికెడు.

మసాలాకు: ఇలాచీ పొడి అర చెంచా, దాల్చినచెక్క పొడి అర చెంచా, శొంఠి పొడి పావు చెంచా, లవంగం ఒక్కటి, మిరప్పొడి చిటికెడు. చెంచా అంటే ఇక్కడ టీ చెంచా.

లవంగం ఒక్కటే ఎందుకంటే, రెండు మూడు పడితే మిగతా పరిమళాలన్నింటినీ అణచేస్తుంది, నాలుక మొద్దుబారుతుంది. గుంటూరు మిరప్పొడి అయితే చిటికెడు దాటకూడదు. తిన్నప్పుడు కారం తెలియకూడదు, ముక్క మింగిన తర్వాత గొంతులో కొద్దిగా వెచ్చదనం తెలియాలి. పిల్లలు చిన్నవాళ్లైతే మిరప మానేయవచ్చు. ఇలాచీ, దాల్చినచెక్క, లవంగాలను ఒక చెంచా చక్కెరతో కలిపి మిక్సీలో వేస్తే మెత్తగా నలుగుతాయి. తర్వాత జల్లించుకోవాలి. నెలల తరబడి డబ్బాలో ఉన్న పొడికీ, అప్పుడే కొట్టిన పొడికీ పోలికే లేదు.

తయారుచేసే విధానం

ఓవెన్‌ను 175 డిగ్రీల సెల్సియస్‌కు ముందే వేడి చేసి ఉంచాలి. 7 లేదా 8 అంగుళాల చదరపు టిన్నులో బటర్ పేపర్ పరచాలి. వెన్నను చిన్న మంట మీద కరిగించి, మసాలా పొడులన్నీ అందులోనే వేసి అర నిమిషం కలిపి దించాలి. మసాలా పరిమళం చాలా వరకు కొవ్వులో కరిగే గుణం కలది. పోపును నూనెలో వేసే కిటుకు ఇదే. ఆ వేడి వెన్నలో చాక్లెట్ ముక్కలు వేసి కలిపితే కరిగిపోతాయి.

వేరే గిన్నెలో గుడ్లు, చక్కెర కలిపి రంగు తేలి, నురగగా చిక్కబడేదాకా నాలుగైదు నిమిషాలు గిలక్కొట్టాలి. బ్రౌనీ పైన కనిపించే పలచని మెరిసే పొర ఈ శ్రమ వల్లే వస్తుంది. చాక్లెట్ మిశ్రమం గోరువెచ్చగా అయ్యాక దీనిలో పోయాలి. వేడిగా పోస్తే గుడ్డు ఉడికిపోతుంది. మైదా, కోకో, ఉప్పు జల్లించి వేసి, గరిటెతో కింది నుంచి పైకి మెల్లగా కలపాలి. పొడి కనిపించకుండా పోగానే ఆపాలి. ఎక్కువ కలిపితే సాగుడు వచ్చి ముక్క గట్టిపడుతుంది. బేకింగ్ పౌడర్, సోడా అక్కర్లేదు. బ్రౌనీ కేకులా పొంగవలసినది కాదు.

20 నిమిషాల తర్వాత సన్నని పుల్ల గుచ్చి చూడాలి. కేకుకైతే పుల్ల శుభ్రంగా రావాలి. బ్రౌనీకి మాత్రం పుల్లకు తడి పొడి రేణువులు అంటుకుని రావాలి. పచ్చి పిండి జారుతుంటే మరో నాలుగైదు నిమిషాలు ఉంచాలి. దించాక పూర్తిగా చల్లారనిచ్చి, ఆ తర్వాతే కోయాలి.

ఓవెన్ లేని ఇల్లు

ఓవెన్ లేకపోతే దళసరి అడుగున్న పెద్ద గిన్నె చాలు. అడుగున ఒక అంగుళం మందాన రాతి ఉప్పు పోసి, మీద చిన్న స్టాండు పెట్టి, మూతతో పది నిమిషాలు వేడి చేసి, టిన్ను లోపల ఉంచాలి. మంట చిన్నదిగా ఉండాలి. దీనికి 35 నుంచి 45 నిమిషాలు పట్టవచ్చు. ప్రెషర్ కుక్కర్ వాడేవారు రబ్బరు, విజిల్ రెండూ తప్పనిసరిగా తీసేయాలి. రోజూ వాడే కుక్కర్‌ను ఇలా నీళ్లు లేకుండా వేడి చేస్తే పాడయ్యే అవకాశం ఉంది కాబట్టి పాతది కేటాయించడం మంచిది.

ఎంత తినాలి?

ఈ కొలతతో 16 ముక్కలు వస్తాయి. ఒక్కో ముక్కలో మనం వేసిన చక్కెరే దాదాపు 11 గ్రాములు ఉంటుంది. చాక్లెట్‌లో ఉన్నది దీనికి అదనం. ఇంట్లో చేసినంత మాత్రాన షుగర్ ఉన్నవారికి ఇది మందు అయిపోదు. దాల్చినచెక్క పరిమళం తీపిని కాస్త ఎక్కువగా అనిపింపజేస్తుంది కనుక చక్కెరను 150 గ్రాములకు తగ్గించినా పిల్లలు గుర్తించరు. అంతకన్నా తగ్గిస్తే ముక్క ఎండిపోతుంది, ఎందుకంటే తేమను పట్టి ఉంచేది చక్కెరే.

మూత ఉన్న డబ్బాలో ఉంచితే ఇవి రెండు మూడు రోజులు నిలవ ఉంటాయి. మర్నాటికి మసాలా బాగా పట్టి రుచి పెరుగుతుంది కనుక పండుగకు ముందురోజే చేసుకోవడం మేలు. నాలుగు ముక్కలు పొరుగింటికి పంపండి. గుడ్డు తినని ఇల్లైతే ఆ మాట ముందే చెప్పండి. ఇందులో ఏముందని ఎవరు అడిగినా, కోకో దగ్గరి నుంచి ఒక్క లవంగం దాకా వేళ్లు మడిచి లెక్క చెప్పగలం.