నెల్లూరి చెంత దొరకిన రోమక సువర్ణ నాణెములు

1786 ప్రాంతమున నెల్లూరి సమీపమున ఒక రైతు రాళ్లగుట్ట ప్రక్కన దున్నుచుండగా నాగలి ఇటుకల కట్టుకు తగిలెను. త్రవ్విచూడగా చిన్న దేవాలయపు శిథిలములును, వాని క్రింద రోమక సువర్ణ నాణెములు గల కుండయు బయల్పడినవి. ఆతడు వానిని పాతబంగారముగా అమ్మివేసెను. పెక్కు నాణెములు మూసలో కరిగియుండును. ఆర్కాటు నవాబు కుమారుడగు అమీరుల్ ఉమరా ముప్పదికి పైగా రాబట్టెను. అందుండి చెన్నపట్టణపు గవర్నరు అలెగ్జాండర్ డేవిడ్‌సన్ రెంటిని, హేడ్రియనుది ఒకటి, ఫాస్టీనాది ఒకటి, ఏరుకొనెను.

ఈ వృత్తాంతము మనకు దక్కినది ఆయన 1787లో వ్రాసిన లేఖవలననే. నాణెములన్నియు మేలిమి బంగారము. కొన్ని చేయి మారిన జాడయైనను లేక క్రొత్తగా నుండెనట. కొన్ని అరిగి, చిల్లులు పడియుండెను. వానిని ఆభరణములుగా ధరించియుందురని ఆయన యూహ. మన కాసులపేరు జ్ఞప్తికి రాకమానదు.

హేడ్రియను 117 నుండి 138 వఱకు ఏలిన చక్రవర్తి. కావున ఆ కుండను 117కు ముందు పాతియుండరు. ఎంత తరువాత పాతిరో తెలియవలెనన్న, అందలి నాణెములలో కడపటిది ఏదో తెలియవలెను. అది మూసలో పడినదో, ఎవరి పెట్టెలో చేరినదో! గవర్నరే తనకు నచ్చినవి ఏరుకొనగా రైతును తప్పుపట్టనేల? నిధి దొరకినచో కలెక్టరుకు తెలుపవలెనను 1878 నాటి చట్టము అప్పటికి లేదు.