పళ్ల డాక్టరు కుర్చీ ఎటు తిరగాలి?

కొల్లిపర సెంటర్లో ఓ షట్టర్ గది అద్దెకు తీసుకుని పళ్ల ఆసుపత్రి పెట్టాలనుకుంటే, ముందుగా కబురు వెళ్లేది సిద్ధాంతిగారికే. డాక్టరు నైరుతిలో కూర్చోవాలంటారు. గల్లాపెట్టె ఉత్తరం చూడాలంటారు. ఈశాన్యం మూల బరువు వద్దంటారు. ప్రారంభోత్సవం నాటికి స్నేహితుల కానుకలుగా నవ్వే బుద్ధుడు, గాజు కుండీలో వెదురు మొక్క, నోట నాణెం కరుచుకున్న మూడుకాళ్ల కప్ప వచ్చి చేరతాయి. అలా గోడలు వాస్తు పాలవుతాయి, బల్లలు ఫెంగ్‌షూయి పాలవుతాయి. రోగి పడుకునే కుర్చీ మాత్రం నీళ్ల పైపు, మురుగు పైపు, కంప్రెసర్ గొట్టం, కరెంటు వైరు ఎక్కడ కలిస్తే అక్కడ పడుతుంది. దాని దిక్కు నిర్ణయించేది ప్లంబరు.

ఆ గదిలో అందరికంటే ఎక్కువ భయపడే మనిషి ఆ కుర్చీలోనే ఉంటాడు. వాస్తయినా, ఫెంగ్‌షూయి అయినా ఇన్నాళ్లూ యజమాని కలిసిరావడం కోసమే అడిగాం. ఒక్కసారి రోగి వైపు నుంచి అడిగి చూద్దాం.

ఈ భయం చిన్న విషయం కాదు. మన పల్లెల్లో పన్ను నొప్పి పుడితే మొదట లవంగం, తర్వాత ఉప్పునీళ్లు, ఆ తర్వాత మందుల షాపు మాత్ర. అవన్నీ అయ్యాకే తెనాలి ప్రయాణం. పై పన్ను పీకిస్తే కంటిచూపు పోతుందన్న మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. చూపును మెదడుకు చేర్చే నరం వేరు, పంటికి వెళ్లే నరం వేరు. ఒకదాన్ని కదిపితే ఇంకొకటి దెబ్బతినదు. కానీ భయం శరీరశాస్త్రం చదవదు. వాయిదా వేసిన కొద్దీ పిప్పి లోపలికి దిగి, సిమెంటు నింపితే పోయేది రూట్ కెనాల్ దాకా వస్తుంది. అందుకే ప్రశాంతమైన గదిని నేను హంగు అనుకోను. అది వైద్యంలో భాగమే.

భయం ఎక్కడ పుడుతుందో 1969లోనే ఒకాయన పట్టుకున్నాడు. అమెరికాకు చెందిన నార్మన్ కోరా పంటి వైద్యం మీద భయాన్ని కొలవడానికి నాలుగంటే నాలుగు ప్రశ్నలు రాశాడు. రేపు డాక్టరు దగ్గరకు వెళ్లాలంటే ఎలా ఉంటుంది? బయట కూర్చుని వంతు కోసం చూస్తుంటే? కుర్చీలో పడుకున్నాక డాక్టరు డ్రిల్లు సిద్ధం చేస్తుంటే? పళ్లు శుభ్రం చేసే పనిముట్లు తీస్తుంటే? ఈ నాలుగింటిలో దేంట్లోనూ ఇంకా ఎవరూ నోట్లో చెయ్యి పెట్టలేదు. నాలుగూ ఎదురుచూపులే. సూది దిగాక మత్తు తన పని తాను చేస్తుంది. సూది దిగేలోపు మనిషిని చూసుకోవలసింది గదే.

ఇక్కడే చైనావాళ్ల పాత తెలివి పనికొస్తుంది. ఫెంగ్‌షూయికి మూలగ్రంథంగా చెప్పే సమాధుల పుస్తకాన్ని నాలుగో శతాబ్దపు పండితుడు గువో పూ రాశాడంటారు. ప్రాణశక్తిని గాలి చెదరగొట్టని, నీరు పట్టి ఉంచే చోట చనిపోయినవాళ్లను పడుకోబెట్టడం దాని చింత. అందులోంచి పెరిగిన శాస్త్రం బతికున్నవాళ్లకూ ఒక చోటు చెబుతుంది. వీపు వెనక గట్టి గోడ ఉండాలి, వచ్చేవాళ్లు కనిపించేలా ఎదర గుమ్మం ఉండాలి, కానీ గుమ్మానికి సూటిగా ఉండకూడదు. మనం వీధిపోటు అని జడిసేదీ సూటిగా దూసుకొచ్చే దారినే కదా.

పళ్ల కుర్చీ ఈ మూడింటినీ తప్పుతుంది. డాక్టరు కూర్చునేది రోగి తల వెనకో, పక్కనో. పనిముట్ల పళ్లెం కంటికి అందదు, దాని చప్పుడు మాత్రం చెవికి అందుతుంది. కాళ్లు చాలాచోట్ల నేరుగా తలుపు వైపే ఉంటాయి. కనిపించని చోటు నుంచి చేతులు రావడం కంటే మనిషిని బెదరగొట్టేది లేదు. ఇందుకు ప్రాణశక్తి ప్రవాహాన్ని నమ్మక్కర్లేదు, నేనూ నమ్మను. దిక్సూచి పంటిని నయం చేయదు. కానీ కుర్చీని గదికి కాస్త ఐమూలగా వేసి, కంటి చివర గుమ్మం కనిపించేలా ఉంచితే పడుకున్న శరీరానికి అది తెలుస్తుంది. డాక్టరు ఎదురుగా వచ్చి, కుర్చీ నిటారుగా ఉండగానే ‘ఏమ్మా, ఎక్కడ నొప్పి?’ అని పలకరించి, ఆ తర్వాతే వెనక్కి వాల్చితే సగం పని అయినట్టే.

ఉత్తరం తల

ఫెంగ్‌షూయి మన ఊరి గురించి చెప్పని మాట ఒకటుంది. వాల్చిన కుర్చీ కుర్చీ కాదు, మంచం. మున్నంగి నుంచో తూములూరు నుంచో వచ్చిన పెద్దావిడ పడుకోగానే తూర్పు ఎటుందో మనసులోనే లెక్క కట్టుకుంటుంది. తల ఉత్తరానికి పెట్టారని తెలిస్తే పైకి ఏమీ అనదు, చేతులు మాత్రం కుర్చీని బిగించి పట్టుకుంటాయి. ఉత్తరానికి తల పెట్టి పడుకోకూడదన్న ఆమె నమ్మకం సరైనదా కాదా అన్నది ఆ క్షణాన అనవసరం. నొప్పితో వచ్చిన మనిషి మీద ఇంకో దిగులు మోపకపోవడమే మర్యాద.

షట్టర్ ఉత్తరం చూసే గదైతే ఇబ్బందే లేదు. రోగి గుమ్మం వైపు చూస్తూ పడుకుంటే తల దక్షిణానికి వస్తుంది. తూర్పు ముఖమైతే తల పడమర, పడమర ముఖమైతే తల తూర్పు. చిక్కంతా దక్షిణం ముఖంతోనే. అక్కడ గుమ్మం కనిపించాలంటే తల ఉత్తరానికి పోతుంది. అప్పుడు కుర్చీని అడ్డంగా తిప్పి తల తూర్పుకో పడమరకో పెట్టి, గుమ్మాన్ని పక్కచూపుకు వదిలేయాలి. పైపులు నేలలో పూడ్చి టైల్సు వేశాక ఇది మార్చడం కష్టం. కాబట్టి డాక్టరు ముందే ఒక మడతమంచం తెచ్చి కుర్చీ రావలసిన చోట వేసుకుని తానే పడుకోవాలి. పక్కనున్నవాళ్లను పళ్లెం పట్టుకుని తల వెనక నుంచి రమ్మనాలి.

పడుకున్నవాడికి ఇంకోటి కూడా తెలుస్తుంది. రోగి చూసేది గోడను కాదు, పైకప్పును. దూలం కింద మంచం వేయకూడదని మన పెద్దలూ అన్నారు, చైనావాళ్లూ అన్నారు. ముఖం మీదికి వంగిన దీపం చెయ్యి దూలం లాంటిదే. పని లేనప్పుడు దాన్ని పక్కకు తోసేయాలి. రోజర్ ఉల్రిక్ 1984లో ప్రచురించిన పరిశీలన ప్రసిద్ధం. పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మందిలో కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు, ఇటుక గోడ కనిపించినవాళ్లకంటే ముందుగా ఇంటికెళ్లారు, ఘాటైన నొప్పి మందులూ తక్కువ వాడారు. కృష్ణ ఒడ్డున, అరటి తోటలూ పసుపు చేలూ ఉన్న కొల్లిపరలో కిటికీకి నల్ల స్టిక్కరు అంటించి ఏసీ వేసుకోవడం నాకు బాధగా ఉంటుంది. కరోనా తర్వాత గాలి సంగతీ తేలింది. నోట్లోంచి లేచే తుంపర రోగి తల దగ్గర నుంచే బయటికి పోవాలి. తల వైపు గోడకు ఎగ్జాస్ట్ ఫ్యాను, కాళ్ల వైపు నుంచి పైరగాలి.

చేపల తొట్టి గురించి అడుగుతారు. అదే 1984లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు పన్ను పీకించుకోబోయేవాళ్లను అక్వేరియం ముందు కూర్చోబెట్టి చూస్తే ఆందోళన తగ్గింది. అయితే కరెంటు పోయి నీళ్లు పచ్చబడితే అదే తొట్టి ఆసుపత్రి పరువు తీస్తుంది. రోజూ చూసుకునే మనిషి ఉంటేనే పెట్టాలి.

వాసన మాత్రం ఎవరూ పట్టించుకోరు. పంటి సిమెంటులో ఉండే యూజినాల్ లవంగ నూనెలోనిదే. 1990ల చివర లియోన్‌లో పరిశోధకులు గమనించిందేమిటంటే, పళ్ల డాక్టరంటే భయం లేనివాళ్లకు ఆ వాసన హాయిగా ఉంది, భయమున్నవాళ్లలో భయాన్నే లేపింది. 2000లో వియన్నాలో 72 మందితో చేసిన ఇంకో పరీక్షలో, నిరీక్షణ గదిలో నారింజ నూనె వాసన పెడితే ముఖ్యంగా ఆడవాళ్లలో ఆందోళన తగ్గింది. ఆ నారింజ జాతిదే మన బత్తాయి. కాబట్టి మందులు కలిపే బల్ల ఫ్యాను దగ్గరికి, బత్తాయి పరిమళం బయటి బెంచీల దగ్గరికి.

చప్పుడు అన్నిటికంటే మొండిది. 1957లో అమెరికా మార్కెట్‌లోకి వచ్చిన ఎయిరోటర్ డ్రిల్లు నిమిషానికి మూడు లక్షల సార్లు తిరుగుతుంది. దాని కూత తలుపు దాటి బెంచీ మీదివాళ్లకు వినిపిస్తే, కోరా రాసిన రెండో ప్రశ్న వాళ్లే అనుభవిస్తారు. కంప్రెసర్ డాబా మీదికి పోవాలి. మధ్య తలుపు బరువైన చెక్కది, అంచులకు రబ్బరు. గుమ్మానికి వేలాడే గాలిగంటలు ఇంటికి పట్టుకెళ్లొచ్చు.

ఇవన్నీ చేసినా మత్తు సరిగ్గా ఎక్కకముందే పని మొదలుపెడితే అంతా వృథా. గుమ్మం కనిపించాలనడంలో ఉన్న సారమల్లా రోగికి తన మీద తనకు అదుపు ఉందని తెలియడమే. అందుకు గదిలో పైసా ఖర్చు లేని ఏర్పాటు ఒకటుంది. ఎడమ చెయ్యి ఎత్తితే ఆపుతానని ముందే చెప్పాలి, ఎత్తగానే ఆపాలి. పిల్లలైతే మొదట ఊరికే, నిజంగా ఆపుతాడో లేదో చూద్దామని ఎత్తుతారు. అప్పుడూ ఆపాల్సిందే.