ఏ పరిమాణమునకైనను ఒకే అచ్చు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు - 2016లో జిల్లా కేంద్రములైన ఈ మూడు ఊళ్ళ పేర్లలోను ఒత్తు గలదు. పాఠశాల గోడపై పెద్దగాను, ప్రశ్నపత్రముపై చిన్నగాను ఈ పేర్లనే అచ్చువేయవలసి వచ్చును. కంప్యూటరు దీని నెట్లు సాధించును?

సీసపు అచ్చుల కాలమున ప్రతి పరిమాణమునకు వేరుగా అచ్చులు పోతపోసెడివారు. తరువాత వచ్చిన చుక్కల ఫాంట్లలో అక్షరమును పెంచినచో అంచులు మెట్లు మెట్లుగా కనబడును. నేటి ఫాంటులో అక్షరపు అంచులు వక్రరేఖలుగా భద్రపరుపబడి యుండును. 12 పాయింట్ల అక్షరమును 48కి పెంచుటకు ఆ రేఖల బిందువుల నిరూపకములను 4చే గుణించిన చాలును. 13.7 పాయింట్లైనను అడ్డులేదు. అయితే లాటెక్ అను అక్షర కూర్పు వ్యవస్థ పాత ఫాంట్లకు కొన్ని నియమిత పరిమాణములనే ఎరుగును. వేరొకటి కోరినచో దగ్గరిదానిని వాడుకొనును. అన్ని పరిమాణములును సమ్మతమేయని దానికి ముందుగా తెలుపవలెను.

గుణించుట సులభమే, మరి చదువుట? అక్షరమునకు, ఒత్తునకు నడుమ సందు అక్షర పరిమాణములో 25వ వంతు అనుకొందము. 12 పాయింట్లలో అది 0.48 పాయింటు, 5 పాయింట్లలో 0.2 పాయింటు. అంగుళమునకు 72 పాయింట్లు గనుక, అంగుళమునకు 300 చుక్కలు వేయు ప్రింటరులో ఒక్కొక్క చుక్క 0.24 పాయింటు. మొదటిదానిలో రెండు చుక్కల సందు మిగులును. రెండవదానిలో ఒక చుక్కకైనను చోటు చాలదు. ఒత్తు అక్షరమున కంటుకొనును.

కాగితము పొదుపునకై ప్రశ్నపత్రమును కుదించు ఉపాధ్యాయులు ముందుగా ఒక పుట అచ్చువేసి, ఒత్తులు విడిగా కనబడుచున్నవో లేదో చూడవలెను. ఒత్తు తెలియని ప్రశ్నకు విద్యార్థి యేమని జవాబు వ్రాయును?