42 ఏళ్ల కొత్త ఆటగాడు

1948 జులై 7న అమెరికాలోని క్లీవ్‌లాండ్ బేస్‌బాల్ జట్టు ఒక కొత్త పిచర్‌ను తీసుకుంది. సరిగ్గా ఆ రోజుకు అతనికి 42 ఏళ్లు నిండాయి. ఆ వయసుకు చాలామంది ఆటగాళ్లు ఇంటిపట్టున ఉంటారు. ఇతను మాత్రం అప్పుడే మేజర్ లీగ్‌లో కాలు పెడుతున్నాడు. బంతి విసరడం కొత్తేమీ కాదు, 22 ఏళ్లుగా అదే అతని జీవనం. పెద్ద లీగ్ తలుపులు నల్లజాతి వాళ్లకు మూసి ఉండటమే ఆ ఆలస్యానికి కారణం. అతని పేరు సాచెల్ పేజ్.

అసలు పేరు లెరాయ్. 1906లో అలబామా రాష్ట్రంలోని మొబీల్ పట్నంలో పుట్టాడు. చిన్నప్పుడు రైల్వే స్టేషన్లో ప్రయాణికుల పెట్టెలు, సంచులు మోసేవాడు. ఒక్కో సంచికీ వచ్చేది చిల్లర డబ్బులే. అందుకని ఒక కర్రకు తాళ్లు కట్టి, మన కావడిలాంటిది తయారు చేసుకుని, ఒకేసారి నాలుగైదు సంచులు వేలాడదీసుకునేవాడట. చేతిసంచిని ఇంగ్లీషులో సాచెల్ అంటారు. ఆ పేరే అతనికి స్థిరపడిపోయింది. 12 ఏళ్లకే చిన్న చిన్న దొంగతనాలు, బడి ఎగ్గొట్టడం లాంటి వాటికి అతన్ని మౌంట్ మెగ్స్ అనే ఊళ్లో బాల నేరస్థుల బడికి పంపారు. అయిదేళ్లు అక్కడే గడిపాడు. పిచింగ్ పద్ధతిగా నేర్చుకున్నదీ అక్కడే.

క్రికెట్ తెలిసినవాళ్లకు పిచర్ పని అర్థం కావడం కష్టమేమీ కాదు. మన పిచ్ పొడవు 66 అడుగులు. బేస్‌బాల్‌లో పిచర్‌కూ బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్‌కూ మధ్య దూరం 60 అడుగుల 6 అంగుళాలు. బంతి నేలకు తగలకుండా గాల్లోనే పోవాలి. వెనక వికెట్లు ఉండవు. 17 అంగుళాల వెడల్పున్న ప్లేట్ మీద, బ్యాటర్ మోకాళ్ల నుంచి ఛాతీ దాకా ఒక కనిపించని చట్రం ఉందనుకోండి. అందులోంచి పోయే బంతిని మూడుసార్లు వదిలేసినా, కొట్టబోయి తప్పినా బ్యాటర్ అవుట్. పిచర్ నాలుగుసార్లు ఆ చట్రం బయట వేస్తే బ్యాటర్‌కు ఉచితంగా మొదటి బేస్ దక్కుతుంది. అంటే వేగం ఒక్కటే చాలదు, గురి కుదరాలి. పేజ్ మ్యాచ్‌కు ముందు చేయి సరిచూసుకునేటప్పుడు ప్లేట్ బదులు చూయింగ్ గమ్ చుట్టే కాగితం ముక్క కింద పెట్టించేవాడు. ఆ కాగితం మీదుగా బంతి తర్వాత బంతి పంపేవాడు.

అతని మరో ఆయుధం ఆగి వేసే బంతి. చేయి పైకెత్తి, ఎడమ కాలు నేల మీద ఆనించాక ఒక్క క్షణం అలాగే నిలిపేసేవాడు. బంతి వచ్చేసిందనుకుని బ్యాటర్ ముందే ఊపేసేవాడు. చిన్నప్పుడు రాళ్లు రువ్వుకునే కొట్లాటల్లో ఈ కిటుకు పట్టానని చెప్పుకునేవాడు: ఎదుటివాడు ముందే వంగుతాడు, లేచేసరికి రాయి తగులుతుంది. 1948లో మేజర్ లీగ్‌లో భాగమైన అమెరికన్ లీగ్ అధ్యక్షుడు ఆ బంతి చెల్లదన్నాడు.

పేజ్ గురించి చెప్పేవాళ్లు అతని చమత్కారాల దగ్గరే ఆగిపోతారు. నాకు మాత్రం వాటి వెనక కడుపుకూడు కనిపిస్తుంది. నల్లజాతి ఆటగాళ్ల కోసం ఏర్పడ్డ నీగ్రో లీగుల్లో జీతాలు తక్కువ. సీజన్ అయిపోయాక ఊరూరా తిరిగి ఆడితే తప్ప గడవదు. పిట్స్‌బర్గ్, కాన్సాస్ సిటీ జట్లతో పేజ్ అమెరికా అంతా తిరిగాడు. 1937లో డొమినికన్ నియంత ట్రుహియో పేరుతో నడిచిన జట్టుకు కూడా ఆడాడు. అమెరికాలో చాలా ఊళ్లలో నల్లజాతి వాళ్లకు హోటల్ గది ఇచ్చేవారు కాదు, భోజనం పెట్టేవారు కాదు. చేతికొచ్చేది గేటు వసూళ్లలో వాటా. జనం వస్తేనే డబ్బు, పేరు మోగితేనే జనం. అందుకే కొన్ని ప్రదర్శన మ్యాచ్‌లలో ఫీల్డర్లను వెనక్కి పిలిచి కూర్చోబెట్టి బంతి వేసేవాడు. బ్యాట్‌కు బంతి గట్టిగా తగిలితే ఆపే నాథుడు లేడు. అంత సాహసానికి పూనుకున్నది తన గురి మీద పూర్తి నమ్మకంతోనే. వయసు అడిగితే, పుట్టినతేదీ రాసిన కాగితాన్ని మేక తినేసిందనే కథ చెప్పేవాడు. ఆ కథ పోస్టర్‌లా పనిచేసేది.

1947లో జాకీ రాబిన్సన్ అనే నల్లజాతి ఆటగాడు మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు. తానే మొదటివాణ్ణి కావాలని పేజ్ ఎంతగానో ఆశపడ్డాడు. మరుసటి ఏడాది క్లీవ్‌లాండ్ యజమాని బిల్ వెక్ అతన్ని తీసుకున్నప్పుడు, ఇది జనాన్ని రప్పించే జిమ్మిక్కని స్పోర్టింగ్ న్యూస్ పత్రిక సంపాదకుడు మండిపడ్డాడు. పేజ్ బంతితోనే జవాబిచ్చాడు. ఆరు గెలుపులు, ఒక ఓటమి. తొమ్మిది ఇన్నింగ్స్‌కు, అంటే ఒక పూర్తి మ్యాచ్‌కు, సగటున అతను ఇచ్చిన పరుగులు 2.48, మూడు లోపు ఉంటేనే గొప్ప. ఆగస్టు 20 రాత్రి మ్యాచ్‌కు 78,382 మంది వచ్చారు, చికాగో జట్టుకు ఒక్క పరుగూ దక్కలేదు. ఆ ఏడు క్లీవ్‌లాండ్ మేజర్ లీగ్ ఫైనల్ పోరైన వరల్డ్ సిరీస్ గెలిచింది. వరల్డ్ సిరీస్ చరిత్రలో బంతి వేసిన మొదటి నల్లజాతి పిచర్ పేజ్.

1965 సెప్టెంబరు 25న కాన్సాస్ సిటీ మేజర్ లీగ్ జట్టు అతన్ని ఒక్క మ్యాచ్ కోసం పిలిచింది. వయసు 59. జనం నవ్వుకోవడానికి మైదానం పక్కన ఊగే కుర్చీ వేశారు, ఒక నర్సును కూడా నిలబెట్టారు. పేజ్ లేచి వెళ్లి బోస్టన్ జట్టుకు మూడు ఇన్నింగ్స్ వేశాడు. ఒక్క పరుగు రాలేదు, ఒక్కరే హిట్ కొట్టగలిగారు. మేజర్ లీగ్‌లో ఆడినవాళ్లందరిలో పెద్ద వయసు అతనిదే.

ఇంత ఆడినా మేజర్ లీగ్ పెన్షన్‌కు కావలసిన సర్వీసు రోజులు పూర్తి కాలేదు. నీగ్రో లీగుల ఏళ్లు అప్పట్లో ఆ లెక్కలోకి వచ్చేవి కావు. చాలా జట్లకు మొరపెట్టుకున్నాక, 1968లో అట్లాంటా జట్టు కోచ్‌గా పేరు రాసుకుని ఆ రోజులు పూర్తి చేయించింది.

1971లో కూపర్స్‌టౌన్‌లో బేస్‌బాల్ దిగ్గజాలను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపికయ్యాడు. నీగ్రో లీగుల వాళ్లకు ముందు వేరే గది అన్నారు. పత్రికలూ అభిమానులూ ఊరుకోలేదు. వేసవికల్లా ఆ మాట వెనక్కి తీసుకున్నారు. పేజ్ ఫలకాన్ని తెల్లజాతి దిగ్గజం బేబ్ రూత్ ఫలకం ఉన్న హాల్లోనే గోడకు బిగించారు.