హెచ్.ఐ.వి. సోకిన కుటుంబములు: ఒక మనస్తత్త్వ శాస్త్రజ్ఞురాలి కృషి

1981లో ఎయిడ్సు వ్యాధి అమెరికాలో గుర్తింపబడిన పిమ్మట చాలకాలము శాస్త్రజ్ఞుల దృష్టి రోగిపైననే నిలిచెను. ఆ రోగి యొక బిడ్డకు తల్లియో తండ్రియో కావచ్చునన్న సంగతిని పరిశోధనకు ముఖ్యవిషయముగా గ్రహించినవారిలో మేరీ జేన్ రోథరమ్-బోరస్ గారు ప్రముఖులు. ఈమె కొలంబియా విశ్వవిద్యాలయమున నుండగా, న్యూయార్కులో ఇల్లు విడిచి పోయిన బాలబాలికల దురవస్థను పరిశీలించి, తరువాత లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున చేరిరి.

ఈమె పరిశోధనలలో మిక్కిలి పేర్కొనదగినది 1990 దశకమున న్యూయార్కులో ప్రారంభమైనది. అప్పటికి వ్యాధిని నిలువరింపగల మందులు లేవు. 307 మంది రోగులైన తలిదండ్రులు, వారి బిడ్డలు 412 మంది యిందు పాల్గొనిరి. బిడ్డలందఱు కౌమారవయస్కులు. కొన్ని కుటుంబములకు మామూలు సహాయమును, కొన్నింటికి ప్రత్యేక శిక్షణమును ఒసగి పోల్చి చూచిరి. మొదట తలిదండ్రులు మాత్రమే కూర్చుండి, తమ వ్యాధిని బిడ్డకు చెప్పుట యెట్లో విచారించుకొనిరి. (దాచినంతమాత్రమున నిట్టి సంగతి యింటిలో దాగునా?) పిదప బిడ్డలతో గలసి, తమ యనంతరము వారెవరి పోషణమున నుండవలెనో నిర్ణయించుకొనిరి. మరణానంతరము బిడ్డకును, క్రొత్త సంరక్షకునకును శిక్షణము సాగెను. రెండేండ్లు గడచునప్పటికి శిక్షణము పొందిన కుటుంబములలో మనోవేదనయు, పిల్లల దుష్ప్రవర్తనయు తక్కువగా నుండెను.

1996 తరువాత క్రొత్త మందులు వచ్చి రోగుల ఆయువును పొడిగించెను. మరణమునకు సిద్ధపఱచుటకై రూపొందిన పద్ధతిని మార్చి లాస్ ఏంజెలెస్‌లో ప్రయోగింపగా, మునుపటంత ఫలము కనబడలేదు. దానిని దాచక ప్రకటించుట నా దృష్టిలో ఆ పరిశోధకుల గొప్పతనము.

ఆపై దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌను పరిసరములలో 24 పేటలకు చెందిన 1,238 మంది గర్భిణీ స్త్రీలతో మఱియొక ప్రయోగము జరిగెను. ఇందు ఇంటింటికి వెళ్ళినవారు మనస్తత్త్వవేత్తలు కారు. తర్ఫీదు పొందిన ఆ పేటల స్త్రీలే. వారు హెచ్.ఐ.వి. నొక్కదానినే గాక ఆహారము, మద్యము, తల్లి దిగులు మున్నగువానిని గూడ విచారించిరి.

మన దేశమున నీ వ్యాధి 1986లో మదరాసున మొదట బయల్పడెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశము దీనివలన మిక్కిలి బాధపడిన రాష్ట్రములలో నొకటి. 2017 నాటి చట్టము 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనికి వచ్చినది. దాని ననుసరించి, హెచ్.ఐ.వి. సోకిన లేక దానివలన బాధితులైన పిల్లల తలిదండ్రులు బంధువునో స్నేహితునో వీలునామా మూలమున సంరక్షకునిగా నియమింపవచ్చును. తాము అశక్తులైనచో ఆ నియామకము తమ జీవితకాలముననే అమలగును. తగిన పరిపక్వత గలిగిన 12 మొదలు 18 ఏండ్ల లోపు అన్నయో అక్కయో తమ్ముడు చెల్లెండ్రను బడిలో చేర్పించుట, వైద్యము చేయించుట మున్నగు పనులకు సంరక్షకులు కావచ్చును. బంధువర్గమునకు దూరముగా పరరాష్ట్రములలో స్థిరపడిన మనవారికి ఈ నిబంధనలు తెలిసియుండుట అవసరము. వీలునామా వ్రాయవలసినది ఆరోగ్యముగా నున్నప్పుడే.